ఎరుపులో 2.6 అయిపోయిందని డేటాబేస్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: లాడ్ బజార్‌లో మాకు లక్క గాజుల దుకాణం ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం మై ఎస్‌క్యూఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్‌ను నేనే తయారు చేసుకున్నాను. డిజైన్‌కు ఒక వరుస చొప్పున పెట్టి, సైజులన్నీ ఒక గడిలోనూ రంగులన్నీ ఇంకో గడిలోనూ కామాలతో రాశాను. ఎరుపులో 2.6 సైజు అయిపోయినా సైటులో కనబడుతూనే ఉండడంతో, లేని సరుకుకు డబ్బు తీసుకుని తిరిగి ఇవ్వవలసి వచ్చింది. సైజుకొక కాలమ్ చేరిస్తే సరిపోతుందా? కొందరు గాజులపై పేర్లు కూడా రాయించుకుంటారు. దానిని ఎక్కడ పెట్టాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదండి. సైజుకొక కాలమ్ పెట్టినా ఎరుపులో ఎన్ని ఉన్నాయో, ఆకుపచ్చలో ఎన్ని ఉన్నాయో విడిగా తెలియదు. రంగునూ సైజునూ జతచేసి కాలమ్‌లు పెడితే, కొత్త రంగు వచ్చిన ప్రతిసారీ టేబుల్‌నే మార్చవలసి వస్తుంది. మీరు అరలోంచి తీసి కొనేవారి చేతిలో పెట్టేది ఫలానా డిజైన్‌లో ఎరుపు రంగు 2.6 సెట్టు. నిల్వ, ధర ఆ సెట్టుకు సంబంధించినవి కాబట్టి దానికే సొంత వరుస ఉండాలి. దీనినే వేరియంట్ అంటారు.

ఉత్పత్తుల టేబుల్‌లో డిజైన్ పేరు, వివరణ మాత్రమే ఉంచండి. రంగు, సైజు అనే ఆప్షన్లకు ఒక టేబుల్, వాటి విలువలకు మరొకటి, వేరియంట్లకు ఇంకొకటి పెట్టి, ఏ వేరియంట్‌కు ఏ విలువలు వర్తిస్తాయో చెప్పే అనుసంధాన టేబుల్‌ను వాటి మధ్య చేర్చండి. ఇందులో వేరియంట్ సంఖ్య, ఆప్షన్ సంఖ్య, విలువ సంఖ్య అనే మూడు కాలమ్‌లుంటాయి. మొదటి రెండింటినీ కలిపి ప్రైమరీ కీగా (ఏ రెండు వరుసల్లోనూ ఒకేలా ఉండకూడని గుర్తింపుగా) చేస్తే ఒకే సెట్టుకు పొరపాటున రెండు రంగులు నమోదు కావు. చివరి రెండింటినీ కలిపి విలువల టేబుల్‌కు ఫారిన్ కీ (ఆ టేబుల్‌లో ఉన్న జోడీనే అంగీకరించే లంకె) ఇస్తే, సైజు ఉండవలసిన చోట "ఎరుపు" చేరదు. మీ టేబుళ్లు ఇన్నోడీబీ (మై ఎస్‌క్యూఎల్ డేటాను దాచే పద్ధతుల్లో ఒకటి) రకానివో కాదో ఒకసారి చూసుకోండి; పాత మైఐఎస్ఏఎం రకం ఫారిన్ కీలను పట్టించుకోదు.

ఆరు రంగులు, ఐదు సైజులు అంటే 30 జోడింపులు. అన్నింటికీ వరుసలు సృష్టించనక్కరలేదు, మీరు నిజంగా అమ్మేవాటికే చాలు.

గాజుల వ్యాపారంలో ఒక చిక్కు ఉంది. 2.6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులని మీకు తెలుసు, డేటాబేస్‌కు తెలియదు. సైజును దశాంశ సంఖ్యగా దాస్తే 2.10 కాస్తా 2.1 విలువై, ఆ పెద్ద గాజు చిన్నదైన 2.2 కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అక్షరాలుగా దాచినా వరుస అలాగే తప్పుతుంది. అందువల్ల సైజును అక్షరాలుగానే దాచి, చూపవలసిన క్రమాన్ని వేరే కాలమ్‌లో 1, 2, 3 అని ఇవ్వండి.

పేరు రాయించుకోవడాన్ని మాత్రం వేరియంట్లలో కలపకండి. దానికి నిల్వ ఉండదు, అడిగే పేర్లకు అంతూ ఉండదు. రాయవలసిన పేరునూ అదనపు రుసుమునూ ఆర్డరు వరుసలోనే నమోదు చేయండి. అమ్మిన నాటి ధరను కూడా అక్కడికి నకలు చేసుకోండి. లేకపోతే రేపు ధర పెంచగానే నిన్నటి బిల్లులు కూడా మారిపోతాయి.

ఇక డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చిన సంగతి. ముందు నిల్వ చదివి, తరువాత తగ్గించే పద్ధతిలో, మిగిలిన ఒక్క సెట్టుకు ఇద్దరు ఒకేసారి డబ్బు కట్టే వీలుంటుంది. అడిగినంత నిల్వ ఉంటేనే తగ్గించమని ఒకే అప్‌డేట్ ఆదేశంలో షరతు పెట్టండి. ఏ వరుసా మారలేదని జవాబు వస్తే, చెల్లింపు పేజీకి పంపకుండా అక్కడే "అయిపోయింది" అని చూపించండి.