చెరువు చేపలో గ్రోత్ హార్మోన్ ఉంటుందా? తింటే కండలు పెరుగుతాయా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. మా అబ్బాయికి పదిహేడేళ్లు, జిమ్‌కి వెళ్తున్నాడు. చెరువు చేపలకు జన్యువులు మార్చి గ్రోత్ హార్మోన్ ఎక్కిస్తారని, అవి తింటే కండలు వస్తాయని ఫోన్లో చూసి రెండు పూటలా శీలావతే కావాలంటున్నాడు. జిమ్‌లో ఎవరో హార్మోన్ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పారట. అదే మాట విని మా అత్తగారు ఏడేళ్ల మనవరాలికి చేప పెట్టొద్దంటున్నారు, తొందరగా పెద్దమనిషి అయిపోతుందని భయం. ఏం చేయాలి?
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. పాపకు చేప నిశ్చింతగా పెట్టొచ్చు. మన దేశంలో జన్యుమార్పిడి చేపల అమ్మకానికి అనుమతే లేదు. మన చెరువుల్లో చేప త్వరగా ఎదగడానికి కారణాలు వేరే ఉన్నాయి. చేపపిల్లల్ని కొన్ని నెలలు కిక్కిరిసిన చెరువులో చిన్న సైజులోనే ఆపి, ఆ తర్వాత పెద్ద చెరువులో వదిలి తవుడు, నూనెచెక్క దండిగా వేస్తారు. దాంతో అవి ఒక్కసారిగా పుంజుకుంటాయి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా 1997లో విడుదల చేసిన జయంతి రోహు (శీలావతిలో ఒక రకం) కూడా బాగా ఎదిగే తల్లిచేపల్ని తరతరాలుగా ఎంపిక చేసి రూపొందించినదే. తిలాపియా సంగతి ఒక్కటే కాస్త వేరు. అన్నీ మగచేపలే రావాలని చాలా హేచరీల్లో చేపపిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు మేతలో మగ హార్మోన్ కలుపుతారు. నెలల తర్వాత అమ్మకానికి వచ్చేసరికి అది చేప ఒంట్లోంచి పోతుంది.

మీ అబ్బాయి చూసింది బహుశా అమెరికాలోని సాల్మన్ అనే చేప గురించి. అట్లాంటిక్ సాల్మన్‌లో చినూక్ అనే మరో రకం సాల్మన్ గ్రోత్ హార్మోన్ జన్యువును పెట్టారు. మామూలుగా చలికాలంలో మందగించే హార్మోన్ దానిలో ఏడాది పొడవునా తయారవుతుంది. దాంతో మూడేళ్లు పట్టే ఎదుగుదల ఏడాదిన్నరలో వస్తుంది. 2015లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని తినొచ్చని అనుమతించింది. 2024 చివర్లో ఆ కంపెనీ పెంపకం ఆపేసింది.

సరే, అలాంటి చేపే తిన్నాడనుకుందాం. అయినా కండ రాదు. గ్రోత్ హార్మోన్ ఒక ప్రొటీన్. పులుసులో ఉడికి, పొట్టలో పప్పులోని ప్రొటీన్ లాగే ముక్కలై అరిగిపోతుంది. నోటి ద్వారా పనిచేయదు కాబట్టే వైద్యంలో కూడా దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తాం. 1950ల్లో ఆవుల నుంచి తీసిన హార్మోన్‌ను మనుషులకు నేరుగా ఎక్కించి చూసినా ఫలితం రాలేదు. ఇక చేపది ఎలా పనిచేస్తుంది? పైగా పెద్దగా ఎదిగే చేపలకు పుట్టాక కూడా చాలాకాలం కొత్త కండపోగులు పుడుతూనే ఉంటాయి. మనిషికి పుట్టేసరికే వాటి సంఖ్య దాదాపు ఖాయమైపోతుంది. వ్యాయామంతో ఉన్న పోగులే లావెక్కుతాయి.

కండకు చేప చేసే మేలు దాని ప్రొటీన్‌తోనే. వంద గ్రాముల శీలావతి ముక్కలో 16 నుంచి 19 గ్రాములు ఉంటుంది. రోజూ ఒక పూట చేప, మిగతా పూటల్లో గుడ్లు, పప్పు, పెరుగు, దాంతోపాటు కంటినిండా నిద్ర ఉంటే పదిహేడేళ్ల కుర్రాడికి చాలు.

నా భయమంతా ఆ ఇంజెక్షన్ గురించే. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చదివి ఆగిపోయాను. గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పిల్లలకు పరీక్షలు చేసి, మోతాదు లెక్కకట్టి ఇచ్చే మందది. ఆరోగ్యంగా ఉన్నవాడు వేసుకుంటే షుగర్ పెరుగుతుంది, కీళ్లు నొప్పి పెడతాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఒళ్లు నీరు పడుతుంది. అద్దంలో కండలా కనిపించేదానిలో చాలావరకు ఆ నీరే, బలం మాత్రం పెరగదు. ఎక్కువకాలం వాడితే దవడ, చేతులు, పాదాలు మొరటుగా పెరుగుతాయి. అలా పెరిగిన ఎముక మళ్లీ తగ్గదు. జిమ్‌లో చేతులు మారి వచ్చే సీసాలో అసలు ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

అబ్బాయిని తిట్టకుండా, ఇప్పటికే వేయించుకున్నాడేమో మెల్లగా అడగండి. వేయించుకుని ఉంటే వెంటనే ఆపించండి. ఆ సీసా పారేయకుండా పట్టుకుని హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్లండి. పరగడుపు షుగర్, గ్రోత్ హార్మోన్ ప్రభావం తెలిపే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష వాళ్లు చేయిస్తారు. పాప విషయంలో, ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ము ఎదుగుదల కనిపిస్తే చేప మీద నెపం పెట్టి ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.