ఉప్పునీళ్ళ ట్యాంకు మీద జిడ్డు తెట్టు

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం. ఇంట్లో మూడడుగుల మెరైన్ (ఉప్పునీళ్ళ చేపల) ట్యాంకు ఉంది, సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) లేదు, వెనకాల తగిలించే ఫిల్టర్, లోపల నీళ్ళు కదిలించే వేవ్ మేకర్ ఒకటి. రెండు క్లౌన్ ఫిష్‌లు, కొంచెం లైవ్ రాక్ (సముద్రపు సూక్ష్మజీవులు పట్టిన రాళ్ళు). నీళ్ళు సముద్రం నుంచే పట్టుకొస్తాను. పొద్దున లేచి చూస్తే నీటి మీద చల్లారిన చారు మీద కట్టినట్టు తెట్టు కడుతోంది, లైటు పడితే రంగులు కూడా కనిపిస్తున్నాయి. బోట్ల డీజిల్ అంటున్నాడు మా ఫ్రెండ్. నీళ్ళు మారిస్తే పోతోంది గానీ రెండ్రోజుల్లో మళ్ళీ వచ్చేస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: నీళ్ళు ఫిషింగ్ హార్బర్ పక్కన పట్టుకొస్తే తప్ప డీజిల్ అయ్యే ఛాన్స్ తక్కువండీ. డీజిల్ అయితే డబ్బా మూత తియ్యగానే వాసన కొడుతుంది, పైగా నీళ్ళు పోసిన రోజే తెట్టు కనిపించాలి కదా, మీకేమో రెండ్రోజులకి తయారవుతోంది, అంటే సరుకంతా ట్యాంకులోనే పుడుతోందన్నమాట. మేతలో ఉండే కొవ్వు, ప్రోటీన్లు, చేపలు వదిలేవి, రాళ్ళ సందుల్లో చచ్చి కుళ్ళేవి, వీటిల్లో నీళ్ళలో ఇమడనిదల్లా పైకొచ్చి గాలికీ నీటికీ మధ్య పల్చగా పరుచుకుంటుంది, తర్వాత దాన్ని తినడానికి బాక్టీరియా చేరి ఇంకాస్త చిక్కబడుతుంది. రంగులు కనపడ్డంత మాత్రాన డీజిల్ కాదు, ఏ జిడ్డు పల్చగా పరుచుకున్నా అలాగే మెరుస్తుంది.

చూడ్డానికి బాలేదని మాత్రమే కాదు, ఈ పొర వల్ల ఆక్సిజన్ లోపలికి దిగడం, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం తగ్గిపోతుంది. అసలే ఉప్పునీళ్ళు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పడితే సముద్రపు నీళ్ళలో 7 కూడా పట్టదు, ఇక మన ఎండాకాలంలో నీళ్ళు 30 దాటితే ఇంకా తగ్గుతుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమో ఒకసారి గమనించండి.

ఇవాళే చెయ్యాల్సింది, వేవ్ మేకర్ మూతిని కొంచెం పైకి తిప్పి నీటి మీద అలలు ఆడేలా పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, తెట్టు కనపడదు కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. అది ఎక్కడికీ పోలేదు, ముక్కలై నీళ్ళలో కలిసింది అంతే, కరెంటు పోయి మోటార్ ఆగిందంటే కాసేపటికి మళ్ళీ పైన చేరుతుంది. చేపలకి గాలి ఆడుతుంది కాబట్టి అలలు మంచివే, కానీ పై నీళ్ళు పైపైనే బయటికి వెళ్ళే దారి ఒకటి ఉండాలి. మీకు సంప్ లేదు కాబట్టి ఫిల్టర్ పీల్చే గొట్టానికి తగిలించే సర్ఫేస్ స్కిమ్మర్ (పై నీళ్ళని లాగే కప్పు) కొనుక్కోండి, ఆ కప్పు పై అంచు నీటి మట్టానికి వెంట్రుకవాసి కిందుండాలి. నీళ్ళు ఆవిరై మట్టం దిగితే అది గాలి పీల్చుకుంటుంది, అందుకని తేలే కప్పు ఉన్న రకం మేలు. తగ్గిన నీటికి ఆర్వో నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు, ఉప్పు ఆవిరవదు కదా.

స్కిమ్మర్ వచ్చేలోపు మోటార్లన్నీ ఆపి, తెట్టు మొత్తం పరుచుకున్నాక, స్టీలు గ్లాసు నిలువుగా పట్టుకుని అంచు ఒక్క నూలు కిందికి ముంచండి. పై పొర దానంతటదే జారుకుంటూ గ్లాసులోకి వచ్చేస్తుంది, ఆ లాగుడుకి అవతలి మూలనున్న తెట్టు కూడా కదిలి రావడం కళ్ళకి కనిపిస్తుంది. మామూలుగా నీళ్ళు మార్చేటప్పుడు పైపుతో అడుగు నుంచి లాగేస్తారు కదా, అందులో కొంత ఇలా పై నుంచి తియ్యండి. కిచెన్ టిష్యూ పరిచి లాగినా వస్తుంది, ప్రింటున్న పేపర్ మాత్రం వద్దు.

ఇక మేత. నూనె కవళ్ళు తరిగి వేస్తుంటే మానెయ్యండి, పేరులోనే ఉంది నూనె. ఫ్రోజెన్ మేత కరిగాక టీ వడపోతలో వేసి కడిగి, ఆ రసం సింకులో పారబొయ్యండి. చేతులకి కొబ్బరినూనె, లోషన్ ఉంటే ట్యాంకులో పెట్టద్దు. ట్యాంకు వంటింటి పక్కనుంటే వేపుళ్ళ పొగ కూడా నీటి మీదే వాలుతుంది. అన్నట్టు, ఎయిర్ పంపు ఉన్న గదిలో దోమల మందు వాడకండి, పంపు గదిలో గాలినే లాగి నీళ్ళలోకి ఊదుతుంది, ఆ మందులు చేపలకీ రొయ్యలకీ విషం.

ప్రశ్న: మాది హైదరాబాద్. సంప్ ఉంది, ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది) ఉంది, అయినా తెట్టు. పైగా మేత వేశాక స్కిమ్మర్‌లో నురగే రావట్లేదు. పాడయిందా?

జవాబు: పాడవలేదు. నూనె తగిలితే నురగ విరిగిపోతుంది, మేతలోదైనా చేతిదైనా, కొన్ని గంటల్లో సర్దుకుంటుంది, ఈలోపు స్క్రూలు తిప్పి సెట్టింగ్ చెడగొట్టుకోకండి.

తెట్టు సంగతికొస్తే ఓవర్‌ఫ్లో, అంటే ట్యాంకు పై నీళ్ళు సంప్‌లోకి జారే చోటు చూడండి. దువ్వెన పళ్ళలా ఉండే సందుల్లో నాచు, నత్తలు ఇరుక్కుంటే నీరు కొన్ని సందుల్లోంచే దూరుతుంది, మిగతా వైపు కదలిక ఉండదు. నీరు పల్చటి రేకులా ఆ పొడవంతా జారాలి. సందులన్నీ బాగానే ఉంటే సంప్ నీళ్ళని తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపు నెమ్మదించి ఉంటుంది, లోపల తిరిగే ఇంపెల్లర్ చుట్టూ సున్నంలా గట్టిపడుతుంది, విప్పి నీళ్ళు కలిపిన వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్ది బాగా కడిగి పెట్టండి.