డీ-అడిక్షన్ అయ్యాక ఆడవాళ్లకు మధ్యలో ఇంకో హోమ్ ఎందుకు?

కావలి నుంచి ఒక చెల్లి అడిగింది: "మా అక్క తాగుడు మానిపించే సెంటర్ నుంచి వచ్చేస్తోంది. నేరుగా ఇంటికి తీసుకురాకూడదా?"

సెంటర్లో ఒంట్లోని మందు దిగుతుందమ్మా, అలవాటు అంత తొందరగా దిగదు. సాయంత్రం బావ సీసా మూత తీస్తే, ఆ వాసనకే ఆమె మనసు లాగేస్తుంది. సెంటర్ నుంచి వచ్చాక, ఇంటికి వెళ్లేముందు ఉండే హాఫ్‌వే హోమ్‌లో కొన్ని నెలలుంటే నిద్ర, వంట, పని ఒక వేళకు వస్తాయి. అర్ధరాత్రి తాగాలనిపిస్తే, పక్క మంచం మీదున్న మనిషిని లేపి చెప్పుకోవచ్చు. ఆ మనిషిదీ ఇదే కష్టం. పిల్లల్ని ఉండనిస్తారా అన్నది ముందే కనుక్కో, తల్లులు ఎక్కువగా వెనకాడేది అక్కడే.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డ జిల్లా మన నెల్లూరు. అయినా ఆడమనిషి తాగిందంటే ఇంట్లోనే దాచేస్తాం, వైద్యం ఆలస్యమయ్యేది అందుకే.

మత్తు మానిపించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. ఇంట్లో కొట్టడం కూడా ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి.