మోటారు పోయిందని అప్పుడే తేల్చేయకు

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. అటక మీంచి దించిన బొమ్మ రైలు జానెడు దూరం నడిచి, మూలిగి, ఆగిపోతోంది. కింద "మోటారు పోయినట్టుంది మామయ్యా, కొత్తది వేసేయనా?" అని రాశావు. వద్దు, ఆగు. ఇలాంటివి చాలా విప్పాను. మోటారు నిజంగా పోయినవి తక్కువే. కరెంటు దానిదాకా సరిగ్గా అందకపోవడమో, అందినా చక్రాలు దాన్ని తిరగనివ్వకపోవడమో, ఎక్కువగా ఈ రెంటిలో ఒకటి. ముందు అదేదో తేల్చుకో, స్క్రూడ్రైవర్ తర్వాత పట్టొచ్చు.

ఇంజన్ని ఎత్తి పట్టుకుని స్విచ్ వెయ్యి. గాల్లో జోరుగా తిరిగిన చక్రాలు కింద పెట్టగానే జారుతుంటే, చక్రం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ గట్టిపడిపోయిందన్నమాట. అదే కొలత పట్టీ వేస్తే చాలు, లోపల ఇంకేమీ కెలక్కు. గాల్లోనూ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే కింద రాసింది చదువు. మోటారు గుయ్యిమంటున్నా చక్రం కదలకపోతే గేరు పోయింది.

కొత్త బ్యాటరీలే వేశానన్నావు, రీచార్జబుల్‌వా? మామూలుది 1.5 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం 1.2. రెండు బ్యాటరీల రైలుకి 3 వోల్టుల బదులు 2.4 అందుతుంది. కాస్త మెల్లగా నడిస్తే అది జబ్బేం కాదు. అలాగని అదే సైజులో దొరికే 3.7 వోల్టుల లిథియం బ్యాటరీలు మాత్రం పెట్టకు, మోటారు మాడిపోతుంది.

బ్యాటరీలు పెట్టే గదిలో స్ప్రింగుల మీద తెల్లగా పొక్కులు కట్టి ఉందా? ఆల్కలైన్ బ్యాటరీ కారితే బయటికొచ్చేది క్షారం. దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి అద్దు, బుసబుసా పొంగి కరుగుతుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, సన్నరకం ఎమరీ పేపర్‌తో మెరుపు కనిపించేంతవరకే రుద్దు. అంతకు మించి రుద్దితే పైపూత పోయి మళ్లీ తుప్పు పడుతుంది. ఆ పొడి కంట్లో పడకుండా చూసుకో, పాపని దగ్గరికి రానివ్వకు. కారింది ఒక్కోసారి తీగలోకి కూడా పాకుతుంది. పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి నల్లబడి ఉంటే ఆ తీగ మార్చాల్సిందే.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే, బ్యాటరీల వోల్టేజిని రైలు నడుస్తుండగానే కొలువు. ఊరికే ఉన్నప్పుడు నీరసించిన బ్యాటరీ కూడా 1.4 చూపించి మనల్ని బుట్టలో వేస్తుంది, బరువు పడ్డప్పుడే దాని అసలు సత్తా బయటపడేది. స్విచ్ వేసి, తీగలు అతికించి ఉన్న దాని రెండు కాళ్ల మధ్య కూడా చూడు. దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపించిందంటే దొంగ అక్కడే ఉన్నాడు.

ఇదంతా బాగున్నా లాగలేకపోతుంటే అప్పుడు విప్పు. ముందు ఫోటో తీసుకో. ఏ తీగ ఎక్కడుందో మర్చిపోయి తిరగేసి అతికిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. నష్టం లేదు గానీ నవ్వులపాలవుతావు. ఇరుసుల దగ్గర భూతద్దం పెట్టి చూడు. నేల మీద నడిచిన ప్రతి రైలూ తలవెంట్రుకలనీ కార్పెట్ పోగులనీ చుట్టుకుంటుంది. బిగుసుకున్న చుట్టని లాగితే రాదు, బ్లేడు మొనతో కోసి పట్టకారుతో పీకాలి. సగం రైళ్లు ఇక్కడే బాగయిపోతాయి. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటే దూదిపుల్లతో తియ్యి. పెట్రోలు, థిన్నర్ వాడావో ప్లాస్టిక్ కరుగుతుంది. కొత్తగా పెట్టేది సిలికాన్ గ్రీజు, అగ్గిపుల్ల మొనకి అంటినంత. వంటనూనె, తలనూనె వద్దు, కొన్నాళ్లకి జిగురవుతాయి. నా మొదటి రైలుకి ధారాళంగా మిషన్ ఆయిల్ పోశాను. అది కారి రబ్బరు పట్టీలకి అంటుకుని, పాకుడు మెట్టెక్కినట్టు రైలు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. మళ్లీ మొత్తం విప్పి కడిగాను.

మోటారు కొనకి ఉన్న చిన్న ప్లాస్టిక్ గేరుని వదలకుండా చూడు. ఏళ్లు గడిస్తే అది వెంట్రుకవాసి చీలుతుంది. టకటకమంటూ కుదుపుగా నడిస్తే అనుమానించాల్సింది దాన్నే. జిగురు పెట్టి అతికించకు, నాలుగు రోజులు కూడా నిలవదు.

ఇక మోటారు. ఆగినప్పుడు వేలితో కొంచెం తిప్పితే మళ్లీ అందుకుంటోందా? లోపల బ్రష్షులు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు, రాసుకునే రాగి భాగానికి మసి పట్టింది. పక్క రంధ్రంలోంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు వేసి, ఇరుసుని చేత్తో తిప్పు. పూర్తిగా ఆరేదాకా కరెంటివ్వకు, లోపల నిప్పురవ్వలు లేస్తాయి. మోటారు కాళ్లకి అతికించి ఉన్న చిన్న బిళ్ల అనవసరమనుకుని పీకేస్తావేమో, అది కెపాసిటర్, ఆ నిప్పురవ్వల వల్ల రేడియోల్లో గరగర రాకుండా చూసేది, ఉండనీ.

మూత బిగించేటప్పుడు ప్రతి స్క్రూనీ ముందు వెనక్కి తిప్పు. టక్కుమని పాత గాడిలో దిగాక అప్పుడు ముందుకి బిగించు. లేకపోతే కొత్త గాడి కోసుకుని, రెండు మూడు సార్లు విప్పేసరికి ప్లాస్టిక్ పిండయిపోతుంది.

గాల్లో ఎత్తి చూస్తే ఏమైందో ముందు నాకు రాయి. గేరే అయితే పళ్లు లెక్కపెట్టి, ఇరుసు మందం కొలిచి పంపు. నా డబ్బాలో పాతవి కొన్ని ఉన్నాయి, సరిపోయేది వెతుకుతాను.

మీ మామయ్య