పేపర్లు తర్వాత, ముందు అమ్మాయిని వార్డుకి వెళ్లనివ్వండి

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. న్యూరాలజీ అంటే ఇష్టం. అరవై వేలు కడితే ఆన్‌లైన్‌లో న్యూరో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఇచ్చి మూడు రీసెర్చ్ పేపర్లలో పేరు వేయిస్తామంటున్నారు. మేము ఇది చేయాలా, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) స్టూడెంట్‌షిప్ చేయాలా?"

అమ్మా, ఊరు మారుతుంది, ఫీజు మారుతుంది, ఈ ప్రశ్న వెనకున్న భయం మాత్రం ఎప్పుడూ ఒకటే. తోటి పిల్లలు ముందుకెళ్లిపోతున్నారు, మన పిల్ల వెనకబడుతుందేమో అని. 2022 జనవరి నుంచి అమెరికాలో డాక్టరుగా చేయాలంటే రాయాల్సిన యూఎస్ఎంఎల్ఈ పరీక్ష మొదటి దశ, స్టెప్ వన్‌లో స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు, అప్పట్నుంచి ఆ లోటు పేపర్లతో పూడ్చుకోవాలని పిల్లలు పరుగులు పెడుతుంటే ఆ కంగారు మీద ఈ వ్యాపారం నడుస్తోంది. ఒక్క పేషెంట్‌నీ చూడకుండా, ఒక్క వివరమూ తను సేకరించకుండా మీ అమ్మాయి పేరు పేపర్ మీదికి ఎలా వస్తుంది? అది పేరు కొనుక్కోవడం. బయటపడితే మచ్చ పడేది తనకే, డబ్బు తీసుకున్నవాళ్లకి కాదు. "ఇందులో నువ్వు చేసిన పని ఏంటి" అని రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతుంది?

ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్ అంటే వైద్య విద్యార్థులు సొంతంగా చేసే చిన్న రీసెర్చ్, 1979 నుంచీ ఉంది. రెండు నెలల పని, సొంత కాలేజీలోనే గైడ్, ఎథిక్స్ కమిటీ అనుమతి, రిపోర్టు ఆమోదించాక స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. కాలేజీలో న్యూరాలజిస్ట్ లేకపోతే జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ చాలు.

నా దగ్గరికొచ్చే ఒక అబ్బాయి పక్షవాతం మీద చేశాడు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి కదా, మరి పేషెంట్లు ఆలస్యంగా ఎందుకొస్తున్నారన్నది అతని ప్రశ్న. మంచం పక్కన నిలబడి "చివరిసారి బాగున్నప్పుడు ఎప్పుడు చూశారమ్మా?" అని అడిగితే, "రాత్రి అన్నం తిని పడుకున్నాడు బాబూ, తెల్లారేసరికి మూతి వంకరపోయింది, ఆర్‌ఎంపీకి చూపించి, పావురం రక్తం రాయించి తీసుకొచ్చాం" అందట ఆ ఇల్లాలు. అతని ఫారంలో గంటలకి గడి ఉంది గానీ పావురం రక్తానికి లేదు. ఆ రాత్రి కూర్చుని ఇంకో గడి గీసుకున్నాడు. రీసెర్చ్ అంటే అదీ, అది ఏ ఆన్‌లైన్ క్లాసులోనూ దొరకదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. "మేము చేయాలా" అని రాశారు మీరు. వార్డులో నిలబడేది మీరు కాదు కదమ్మా. పిల్ల ఇష్టాన్ని మీ టెన్షన్‌తో తొక్కేయకండి. మన దేశంలో ఎండీ సీటు ర్యాంకుతో వస్తుంది, న్యూరాలజిస్ట్ అయ్యేందుకు చదివే డీఎం కోర్సు ఆ తర్వాతి సంగతి, కాబట్టి రెండో సంవత్సరంలో ఒక్క పేపర్ లేకపోయినా ఏమీ మునిగిపోదు. ఐసీఎంఆర్‌కి ఎంపిక కాకపోయినా అదే ప్రశ్న మీద అదే గైడ్ దగ్గర పని చేసుకోవచ్చు.

ఐసీఎంఆర్‌లో ఒక గైడ్ ఒక్క స్టూడెంట్‌నే తీసుకుంటారు, అందుకని ఆలస్యం చేయొద్దు. ఓపీ అయ్యాక ప్రొఫెసర్ గారిని కలిసి, తన ప్రశ్న ఒక పేజీలో రాసిచ్చి అడగమనండి. ఆయన ఏమన్నారో ఈసారి అమ్మాయినే నాకు రాయమనండి.