స్పిన్నర్ ఊగుతోంది, మళ్లీ డ్రిల్ చేయాలా?

ప్రశ్న: మాస్టారూ, నా మోడల్ విమానానికి 46 సైజు గ్లో ఇంజన్ పెట్టాను. ప్రొపెల్లర్ ముందు కోన్‌లా ఉండే టోపీ, అదే స్పిన్నర్, దాని వెనక షాఫ్ట్ దూరే అల్యూమినియం బ్యాక్‌ప్లేట్ రంధ్రం 6 మిల్లీమీటర్లే ఉంది. హ్యాండ్ డ్రిల్‌కు 6.5 బిట్ పెట్టి పెద్దది చేశాను. ఇప్పుడు స్పిన్నర్ కొన ఊగుతోంది. రంధ్రం ఇంకాస్త పెంచి సర్దవచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: వద్దు బాబూ, ఆ రంధ్రం జోలికి ఇక డ్రిల్‌తో పోవద్దు. షిప్‌యార్డులో ఏళ్ల తరబడి లేత్ మీద పనిచేసినవాణ్ణి, ఇలా పాడైన ప్లేట్లు చాలా చూశాను. పలచని ప్లేటులో ఉన్న రంధ్రాన్ని మామూలు బిట్‌తో పెంచబోతే బిట్ అంచును పట్టుకుని పక్కకు లాగేస్తుంది. రంధ్రం గుండ్రంగానూ రాదు, నడిమధ్యలోనూ ఉండదు. పైగా ఈ సైజు ఇంజన్లకు షాఫ్ట్ సాధారణంగా పావు అంగుళం, అంటే 6.35. నీ 6.5 రంధ్రంలో అది వదులు.

ముందు తప్పు ఎక్కడుందో చూడు. గ్లో ప్లగ్ తీసేసి, బ్యాక్‌ప్లేట్ అంచు పక్కన పెన్సిల్ మొన కదలకుండా పట్టుకుని ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పు. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రంధ్రం సెంటర్ తప్పినట్టే. సందు సమానంగా ఉండి కొన మాత్రమే ఊగితే కోన్ సరిగా కూర్చోలేదు. స్క్రూలు వదులు చేసి ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించు.

సెంటర్ తప్పితే కొత్త ప్లేట్ కొనడం తేలిక. దొరకకపోతే ఆటోనగర్‌లో ఓపికగల టర్నర్‌ని పట్టుకో. అంచుకు డయల్ గేజ్ పెట్టి సెంటర్ చేయించి, 10 మిల్లీమీటర్లకు బోర్ కొట్టించు. అందులో అల్యూమినియం బుష్ (చిన్న గొట్టం లాంటి ముక్క) టైట్‌గా దిగ్గొట్టి, చక్ విప్పకుండా అదే పట్టు మీద 6.35 బోర్ చేయమను. మధ్యలో విప్పాడా, సెంటర్ మళ్లీ పోతుంది. బుష్ ప్లేటుకు సమంగా ఉండాలి, ఎత్తుగా నిలబడకూడదు.

ఈసారి నుంచి మెట్ల రీమర్ వాడు, అంటే మెట్లు మెట్లుగా లావయ్యే, రంధ్రాన్ని గుండ్రంగా పెంచే పనిముట్టు. చేత్తో, రెండు వైపుల నుంచీ, కొద్దికొద్దిగా.

కోన్ గాడి ప్రొపెల్లర్ రెక్కకు తగులుతోందేమో కూడా చూసుకో. చుట్టూ ఒక మిల్లీమీటరైనా ఖాళీ ఉండాలి. తగిలితే కోన్‌నే ఆకురాయితో అరగదీయి, రెక్క మీద గీత కూడా పడనివ్వకు. నిమిషానికి పది వేల చుట్లకు పైన తిరిగే రెక్క ఆ గీత దగ్గరే విరుగుతుంది. ఊగుడు వల్ల ట్యాంకులో ఇంధనం నురగ కట్టి, మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి, ఇంజన్ కూడా వేడెక్కిపోతుంది.

అన్నట్టు, మీ గాజువాక నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాకు దగ్గర. ఎగరేసే చోటు, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకునే ఎంచుకో. మొదటిసారి స్టార్ట్ చేశాక ప్రొపెల్లర్ వెనక్కి వచ్చేసి నీడిల్ (ఇంధనాన్ని సర్దే స్క్రూ) తిప్పు. పక్కన తమ్ముడో స్నేహితుడో ఉంటే వాళ్లనీ వెనకే నిలబెట్టు.