ప్రవేశాల లెక్క ఉంది, నిలిచినవారి లెక్క ఏదీ?

విశ్వవిద్యాలయాలలో చదువు నాణ్యత గురించి, మధ్యలో మానేస్తున్న విద్యార్థుల గురించి ఈ మధ్య పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబు ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. బీఎస్సీ మొదటి సెమిస్టర్‌లో నిండుగా ఉన్న తరగతి మూడో సెమిస్టర్‌కు వచ్చేసరికి బాగా పలచబడుతోంది. ప్రమాణాలు పెంచమని ఒక సమావేశంలో చెబుతారు, విద్యార్థులు మానేయకుండా చూడమని మరో సమావేశంలో చెబుతారు. ప్రశ్నపత్రం తేలిక చేస్తే తప్ప రెండోది సాధ్యం కాదని మా సహోద్యోగులు అంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక సహాయ ఆచార్యుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీ సహోద్యోగుల మాటలో ఒక ఊహ దాగి ఉంది. పరీక్ష కష్టంగా ఉండడం వల్లనే విద్యార్థి వెళ్లిపోతున్నాడన్నది ఆ ఊహ. కానీ మీ హాజరుపట్టీ తీసి, మూడో సెమిస్టర్‌లో కనిపించకుండా పోయినవారి పేర్ల ఎదురుగా మొదటి సెమిస్టర్ హాజరు చూడండి. వారిలో చాలామంది పరీక్ష రాయకముందే, మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) కూడా జరగకముందే తరగతికి రావడం తగ్గించి ఉంటారు. అంటే ప్రశ్నపత్రం కంటికి కనబడకముందే వారు సగం వెళ్లిపోయారన్నమాట. పైగా ఏటా అవే ప్రశ్నలు తిరిగి వస్తాయన్న నమ్మకంతో ఆల్ ఇన్ వన్ పుస్తకాలతో పరీక్షలు గట్టెక్కించే పరిస్థితి ఇప్పటికే ఉంది కనుక, పత్రం ఇంకా తేలిక కావడానికి మిగిలింది కొంచెమే. తేలిక చేసినా కష్టం పోదు, తరువాతి సెమిస్టర్‌కు బదిలీ అవుతుంది, అంతే. కలన గణితం రాకుండా ముందుకు వచ్చిన విద్యార్థికి అవకలన సమీకరణాల తరగతిలో కూర్చోవడమే శిక్ష అవుతుంది.

హాజరును మనం సెమిస్టర్ చివర దండన వేయడానికి వాడుతున్నాము, మొదట్లో కనిపెట్టడానికి వాడడం లేదు. సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే, 75 శాతం హాజరు నిబంధన ప్రకారం విద్యార్థి పోగొట్టుకోగలిగినవి 22 రోజులు. ఏ కారణంగానైనా నాలుగు వారాలు ఊళ్లో ఉండిపోయినవాడు ఆ గడప దాటేసినట్లే. ఈ సంగతి అతనికి తెలిసేది పరీక్ష రుసుము కట్టే వారంలో, నోటీసు బోర్డుపై షార్టేజ్ జాబితా పెట్టినప్పుడు. అప్పుడు హాజరు లోటును మన్నించడానికి తీసుకునే కండోనేషన్ రుసుము కట్టి బయటపడేవాడు బయటపడతాడు, లేనివాడు పరీక్షకు అనుమతి లేక డిటైన్ అవుతాడు. ఇద్దరికీ పోయిన పాఠం పోయినట్లే. అదే జాబితాను నాలుగో వారం చివర తయారుచేసి, గైర్హాజరైన ప్రతి విద్యార్థికి ఒక అధ్యాపకుడు ఫోను చేసి కనుక్కుంటే, దానికయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

ఎవరు రాలేకపోతున్నారో కూడా విడదీసి చూడండి. ఆన్‌లైన్ ప్రవేశాలు విడతలవారీగా జరుగుతాయి కనుక, చివరి విడతలో సీటు వచ్చినవాడు చేరే నాటికి ఒకటి రెండు యూనిట్లు అయిపోయి ఉంటాయి. అతనికి విడిగా పాఠం చెప్పే ఏర్పాటు ఎక్కడోగానీ కనబడదు. ఇంటర్‌లో సూత్రాలు బట్టీపట్టి మంచి మార్కులు తెచ్చుకున్నవాడికి నిరూపణ రాయమన్నప్పుడు నోరు పెగలదు, మార్కుల మెమో చూసి మనం అతనికి అన్నీ వచ్చనుకుంటాము. మూడో వారంలో ఇంటర్ స్థాయి అంశాలపైనే, మార్కులు కలపని ఒక చిన్న పరీక్ష పెట్టండి. అందులో వెనుకబడినవారిని పది పదిహేను మంది చొప్పున కూర్చోబెట్టి వారానికి రెండు గంటలు లెక్కలు చేయించండి. పాఠం మళ్లీ చెప్పడం కాదు, వాళ్ల చేత చేయించడం ముఖ్యం.

ఇది చేయవలసింది ఎవరు అన్నది అసలు చిక్కు. చాలా శాఖలలో మొదటి ఏడాది తరగతులు గెస్టు అధ్యాపకులకు వెళతాయి, అనుభవజ్ఞులైన ఆచార్యులు చివరి ఏడాది ఐచ్ఛికాలు, పరిశోధన చూసుకుంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుడు వారానికి 16 గంటలు, ఆచార్యుడు 14 గంటలు ప్రత్యక్షంగా బోధించాలి, మొత్తం పనిభారం 40 గంటలకు తగ్గకూడదు. అంటే తరగతి బయట విద్యార్థికి ఇవ్వవలసిన సమయం రెగ్యులర్ అధ్యాపకుని జీతంలోనే ఉంది. పీరియడ్ లెక్కన డబ్బు తీసుకునే గెస్టు అధ్యాపకునికి ఆ సమయానికి ఒక్క రూపాయి రాదు, అయినా మెంటర్ల జాబితాలో మాత్రం అతని పేరు ఉంటుంది. ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి నింపకుండా నాణ్యతపై సదస్సులు జరపడం ప్రభుత్వాలకు అలవాటైంది, దాన్ని మీరొక్కరు మార్చలేరు. కానీ శాఖలో అందరికన్నా బాగా పాఠం చెప్పే వ్యక్తికి మొదటి సెమిస్టర్ అప్పగించాలన్న తీర్మానం చేయడానికి ఏ జీవో అవసరం లేదు. మీ రెండు సమావేశాలు అడుగుతున్న పనులూ ఆ ఒక్క తరగతిలోనే కలుస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, ఇంటర్ తెలుగు మాధ్యమంలో చదివి విశ్వవిద్యాలయ కళాశాలలో డిగ్రీలో చేరింది, హాస్టల్‌లో ఉంటోంది. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. పాఠాలు అర్థం కావడం లేదని, వచ్చేస్తానని ఏడుస్తోంది. టీసీ తెచ్చేసి సంబంధం చూడమని బంధువులు అంటున్నారు. మీ సలహా కావాలి.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా టీసీ సంగతి పక్కన పెట్టండి. మొదటి సెమిస్టర్‌లో మూడు బ్యాక్‌లాగులు అన్నది భయపడవలసినంత అరుదైన విషయం కాదు, వాటిని మళ్లీ రాసి దాటవచ్చు. ఫలితాలు వచ్చిన తరువాత రీవాల్యుయేషన్‌కు కొద్ది రోజుల గడువే ఇస్తారు. సరిహద్దులో పోయిన సబ్జెక్టు ఏదైనా ఉంటే ఆ గడువు దాటనివ్వకండి. తరువాతి ఏడాదికి వెళ్లడానికి ఎన్ని సబ్జెక్టులు లేదా క్రెడిట్లు ఉండాలో ఆ విశ్వవిద్యాలయ నిబంధనల పుస్తకంలో ఉంటుంది. అమ్మాయిని, వీలైతే మీరు కూడా వెళ్లి, శాఖాధిపతిని కలిసి అడగమనండి. ఇంట్లో ఉండిపోతే మాత్రం హాజరు తగ్గుతుంది, ఉపకార వేతనానికి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు హాజరే ఆధారం కనుక అది మరో కష్టం తెచ్చిపెడుతుంది.

మీ అమ్మాయికి అర్థం కానిది విషయమా, భాషా అన్నది తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మార్చారు. పన్నెండేళ్లు తెలుగులో చదివిన పిల్లలు ఒక్క వేసవి సెలవుల్లో మారిపోతారని ఎవరు అనుకున్నారో తెలియదు. తెలుగు, ఆంగ్లం ఎదురెదురు పుటలలో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు దొరికితే అవి, లేకపోతే తెలుగు అకాడమీ పాత డిగ్రీ పుస్తకాలు గ్రంథాలయంలో అడిగి తెచ్చుకొని, అధ్యాయాన్ని మొదట తెలుగులో చదివి, అర్థమయ్యాక అదే అధ్యాయం ఆంగ్లంలో చదవమనండి. మరో సంగతి, 2023 ఏప్రిల్‌లో అప్పటి యూజీసీ అధ్యక్షుడు మామిడాల జగదీశ్ కుమార్, కోర్సు ఆంగ్ల మాధ్యమంలో ఉన్నా పరీక్షలు స్థానిక భాషలో రాయడానికి అనుమతించమని విశ్వవిద్యాలయాలను కోరారు. అది ఆదేశం కాదు, విజ్ఞప్తి. మీ విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తున్నదా అని పరీక్షల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు, తరగతిలో అలాంటివారు పదిమంది సంతకాలు చేసి ఇస్తే పట్టించుకోక తప్పదు.

ఒక ఏడాది పూర్తయినా ఉండలేనంటే, అప్పుడు సంపాదించిన క్రెడిట్లు వృథా కాకుండా క్రెడిట్లను విద్యార్థి పేరున భద్రపరిచే అకడమిక్ క్రెడిట్ బ్యాంకు ఖాతాలో చేరాయో లేదో చూసుకొని, ఏదైనా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటి నుంచి చదివే మార్గం ఆలోచించవచ్చు. కొత్త జాతీయ విద్యావిధానంలో ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి పంపే ఏర్పాటు ఉందని కొందరు మీకు చెప్పవచ్చు. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చేవారు ఎంతమందో అడిగి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోండి. పెళ్లి సంబంధాల మాటకు మా జవాబు అవసరం లేదనుకుంటాము, అవి డిగ్రీ అయ్యాక కూడా వస్తాయి.

ప్రశ్న: అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సాయంతో ఎవరు మానేస్తారో ముందే కనిపెట్టి ఆపుతున్నదని చదివాను. మా విశ్వవిద్యాలయం కూడా అలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలని ఆలోచిస్తోంది. ప్రయోజనం ఉంటుందా?
– ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు చెప్పిన ఉదాహరణ నిజమైనది, ప్రసిద్ధమైనది. అట్లాంటాలోని ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆరేళ్లలోపు డిగ్రీ పూర్తిచేసేవారి వాటా 2003లో 32 శాతం ఉండేది, 2014 నాటికి 54 శాతానికి పెరిగింది. నల్లజాతి విద్యార్థులు, పేద కుటుంబాలవారు పెద్ద సంఖ్యలో ఉన్న చోట ఇది సాధ్యమైంది కాబట్టే ప్రపంచం గమనించింది. 2012లో వారు ప్రవేశపెట్టిన వ్యవస్థ విద్యార్థి రికార్డులను రోజూ పరిశీలించి, ఎనిమిది వందలకు పైగా హెచ్చరిక సంకేతాల కోసం వెతుకుతుంది. ప్రధాన విషయంలో మొదటి కోర్సులోనే మార్కులు తగ్గడం, డిగ్రీకి పనికిరాని కోర్సులో చేరడం వంటివి ఆ సంకేతాలు.

అయితే ఈ కథలో సాఫ్ట్‌వేర్ వాటా చిన్నది. ఆ సంకేతం అందుకొని వెంటనే విద్యార్థిని పిలిచి మాట్లాడడానికి వారు పదుల సంఖ్యలో సలహాదారులను నియమించి, ఒక్కొక్కరికి సుమారు 300 మంది విద్యార్థులు ఉండేలా చూశారు. పిలిచే మనిషి లేని హెచ్చరిక, ఎవరూ ఎత్తని ఫోను మోగినట్లే. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన మరో కార్యక్రమంలో సలహాదారుతో తప్పనిసరి భేటీలు, ఉచిత ప్రయాణ పాసు, పుస్తకాల ఖర్చు కలిపి ఇచ్చారు. లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి పోల్చినప్పుడు, మూడేళ్లలో పట్టా పొందినవారు మామూలు విద్యార్థులలో 22 శాతం, ఆ సాయం అందినవారిలో 40 శాతం అని తేలింది. బస్సు పాసు చదువు ఫలితాన్ని మారుస్తుందా అని మన పాలకమండళ్లలో ఎవరైనా నవ్వితే ఈ లెక్క చూపించండి.

జార్జియా స్టేట్ చేసిన మరో పని మనకు ఇంకా దగ్గరిది. చదువు బాగానే సాగుతున్నా చిన్న బకాయి వల్ల పేరు తొలగింపుకు గురయ్యే విద్యార్థులకు 2011 నుంచి వారు చిన్న గ్రాంట్లు ఇస్తున్నారు. విద్యార్థి దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు, విశ్వవిద్యాలయమే ఖాతాలు చూసి జమ చేస్తుంది. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రెండు రాష్ట్రాలలోనూ ఏటా వార్తే. హాస్టల్ మెస్ బిల్లు, పరీక్ష రుసుము, నో డ్యూస్ సంతకం దగ్గర ఆగిపోయే విద్యార్థులు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటారు. వారికోసం ఒక నిధి ఏర్పాటు చేయడానికి పూర్వ విద్యార్థులను అడగవచ్చు. అట్లాంటా, డాలస్, న్యూజెర్సీలలో స్థిరపడిన మన విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థులు ఆడిటోరియాలకు, ముఖద్వారాలకు ఇచ్చే విరాళాలలో కొంత భాగం చాలు. మెస్ బిల్లు మీద దాత పేరు చెక్కడానికి వీలుండదు కనుక ఈ నిధికి ఇచ్చేవారు తక్కువగా ఉండవచ్చు, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్ కొనవచ్చునా అంటే, హాజరు, ఇంటర్నల్ మార్కులు, రుసుము బకాయి మీ విశ్వవిద్యాలయంలో ఒకే చోట నమోదవుతున్నాయా అని ముందు చూడండి. హాజరు శాఖలోనూ, మార్కులు పరీక్షల విభాగంలోనూ, బకాయి హాస్టల్ కార్యాలయంలోనూ విడివిడిగా ఉంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఏమీ చెప్పలేదు. ఈ మూడింటినీ ఒక సాధారణ పట్టికలో కలిపి, ప్రతి పదిహేను రోజులకు శాఖాధిపతి ముందు పెట్టే ఒక గుమాస్తాతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా ప్రాంత విశ్వవిద్యాలయానికి ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ నుంచి ఉన్నత గ్రేడు వచ్చిందని పత్రికలలో పెద్ద ప్రకటనలు వేశారు. పిల్లలు మానేయకుండా చదువు పూర్తిచేస్తున్నారా అన్నది ఆ గ్రేడు వల్ల తెలుస్తుందా?
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

జవాబు: నేరుగా తెలియదు. న్యాక్ చూసే ఉత్తీర్ణతా శాతంలో హారం చివరి ఏడాది పరీక్షకు హాజరైన విద్యార్థుల సంఖ్య. వంద మంది చేరి నలభై మంది మధ్యలో మానేసి, మిగిలిన అరవై మందిలో యాభై నలుగురు ఉత్తీర్ణులైతే ఫలితం 90 శాతంగా నమోదవుతుంది. మానేసిన నలభై మంది ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. కేంద్రం 2016 నుంచి ఏటా ప్రకటిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల విధానం ఈ విషయంలో కొంత మెరుగు. అందులో మంజూరైన సీట్ల సంఖ్యను హారంగా తీసుకొని, నిర్ణీత గడువులో ఉత్తీర్ణులైనవారి శాతం చూస్తారు. అది 80 శాతానికి చేరితే ఆ అంశంలో పూర్తి మార్కులు వస్తాయి. మీ విశ్వవిద్యాలయం ఆ ర్యాంకులకు దరఖాస్తు చేసి ఉంటే, సమర్పించిన వివరాలను తన వెబ్‌సైటులో ఉంచాలి, వెతికి చూడండి.

అక్కడ దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తులో గ్రేడు, ర్యాంకు ఊసు ఎత్తకండి. ఒక్క బ్యాచ్‌ను ఎంచుకొని, శాఖల వారీగా నాలుగు సంఖ్యలు అడగండి: చేరినవారు ఎందరు, రెండో సెమిస్టర్ పరీక్ష రాసినవారు ఎందరు, చివరి సెమిస్టర్ పరీక్ష రాసినవారు ఎందరు, నిర్ణీత గడువులో బ్యాక్‌లాగ్ లేకుండా పట్టా పొందినవారు ఎందరు. మొదటి రెండు సంఖ్యల మధ్య తేడా ఎక్కువగా ఉన్న శాఖలో మొదటి ఏడాది పాఠాలు చెప్పినది రెగ్యులర్ అధ్యాపకులా, గెస్టు అధ్యాపకులా అన్నది అయిదో ప్రశ్నగా చేర్చండి. చట్టం ప్రకారం 30 రోజులలో జవాబు రావాలి. అది వస్తే, మాకు కూడా ఒక ప్రతి పంపండి.